రెండు తీర్పులు, ఒకే దస్త్రం: అహ్మద్ తిమోల్ మరణ విచారణ

1972 జూన్ 22న జొహానెస్‌బర్గ్‌లో మేజిస్ట్రేటు జె.ఎల్. డి విలియర్స్ ఒక మరణ విచారణను ముగించాడు. అహ్మద్ తిమోల్ అనే ఉపాధ్యాయుడు ఆత్మహత్య చేసుకున్నాడనీ, ఆ మరణానికి ఎవరూ బాధ్యులు కారనీ నిర్ణయించాడు. 2017 అక్టోబరు 12న ప్రిటోరియా హైకోర్టులో న్యాయమూర్తి బిల్లీ మోత్లే ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చి, తిమోల్‌ది భద్రతా శాఖ పోలీసులు చేసిన హత్య అని ప్రకటించాడు. రెండింటికీ మధ్య 45 ఏళ్లు గడిచాయి. ఈలోగా వర్ణవివక్ష ప్రభుత్వం పడిపోయింది, కొత్త రాజ్యాంగం వచ్చింది, తిమోల్‌ను ప్రశ్నించిన అధికారులు చనిపోయారు. ఇంత మారినా, రెండవ తీర్పును నిలబెట్టిన ముఖ్య సాక్ష్యం మాత్రం కొత్తగా దొరికింది కాదు. మృతదేహం మీది గాయాల వివరాలు 1972 నాటి దస్త్రంలోనే ఉన్నాయి. తిమోల్ వారసత్వాన్ని గురించి రాసేవారు సాధారణంగా ఆయన త్యాగంతో మొదలుపెట్టి, ఆయన పేరు పెట్టిన పాఠశాలతో ముగిస్తారు. ఆయన మరణానంతరం అన్నిటికంటే ఎక్కువ కాలం పనిచేసింది ఆ దస్త్రమేనన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

తిమోల్ జీవితం

దక్షిణాఫ్రికాలోని భారతీయుల చరిత్ర తెలుగు పాఠకులకు ప్రధానంగా నాటాల్ చెరకు తోటల ద్వారా పరిచయం. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా అక్కడికి వెళ్లిన ఒప్పంద కూలీలలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. తిమోల్ కుటుంబం ఆ ప్రవాహానికి చెందినది కాదు. ఆయన తండ్రి హాజీ యూసుఫ్ తిమోల్ సూరత్ సమీపంలోని ఖోల్వాడ్ గ్రామం నుంచి వచ్చాడు. సొంత ఖర్చుతో ఓడ ఎక్కి వచ్చి, ట్రాన్స్‌వాల్‌లో చిన్న వ్యాపారాలు పెట్టుకున్న గుజరాతీ ముస్లిం కుటుంబాల పాయ అది. ఒప్పందం మీద వెళ్లినవారికీ ఖర్చు పెట్టుకుని వెళ్లినవారికీ మధ్య వర్గ భేదం, భాషా భేదం బలంగానే ఉండేవి. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వాటిని పట్టించుకోలేదు. దాని దృష్టిలో అందరూ ‘ఇండియన్లే’. అందరి ఇళ్లూ అది గీసిన గీతల లోపలే ఉండాలి.

తిమోల్ 1941 నవంబరు 3న బ్రేటెన్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తరవాత కుటుంబం జొహానెస్‌బర్గ్‌కు పడమరన ఉన్న రూడేపూర్ట్‌కు మారింది. ఉపాధ్యాయ శిక్షణ పొంది, అక్కడి భారతీయ పాఠశాలలో పాఠాలు చెప్పాడు. 1966 చివర మక్కా యాత్రకు వెళ్లి, అక్కడి నుంచి లండన్ చేరాడు. ప్రవాసంలో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు యూసుఫ్ దాదూతోనూ, పాత స్నేహితులైన పహాద్ సోదరులతోనూ కలిసి పనిచేశాడు. 1969లో మాస్కోలోని లెనిన్ పాఠశాలలో శిక్షణ పొందాడు. అప్పుడు ఆయనతో పాటు ఉన్న దక్షిణాఫ్రికా విద్యార్థులలో థాబో ఎంబెకి ఒకడు. 1970 ఫిబ్రవరిలో తిమోల్ స్వదేశానికి తిరిగివచ్చి, మళ్లీ అదే ఊళ్లో ఉపాధ్యాయుడుగా చేరాడు.

ఆ తరవాత ఆయన బతికింది సుమారు 20 నెలలు. ఆ కాలంలో ఆయన చేసిన రహస్య కార్యం పరిమాణంలో చిన్నది. నిషిద్ధ కమ్యూనిస్టు పార్టీ కోసం ఒక రహస్య విభాగాన్ని ఏర్పరచడం, కరపత్రాలు తయారుచేయడం, వాటిని తపాలా ద్వారా పంచడం ఇందులో ముఖ్యమైనవి. రివోనియా విచారణ తరవాత దేశం లోపల ప్రతిఘటన దాదాపు అణగిపోయిన దశ అది. అప్పట్లో ఒక కరపత్రం ఇంటి గుమ్మం చేరడమే రాజకీయ సంఘటన. ఈ నేపథ్యాన్ని విడిచి ఆయనను సాయుధ విప్లవకారుడుగా చిత్రించే రచనలు ఆయనకు లేని కీర్తిని అంటగడుతున్నాయి. ఆయనను ప్రమాదకారిగా చూపించిన నాటి పోలీసు కథనానికి కూడా అవి తెలియకుండానే బలం చేకూరుస్తున్నాయి.

ఐదు రోజులు

1971 అక్టోబరు 22 రాత్రి కొరొనేషన్‌విల్‌లో పోలీసులు రోడ్డు మీద వాహనాలు ఆపి సోదా చేస్తున్నారు. అక్కడ తిమోల్‌నూ, వైద్య విద్యార్థి సలీమ్ ఎసోప్‌నూ పట్టుకున్నారు. కారులో నిషిద్ధ సాహిత్యం దొరికిందని చెప్పారు. ఇద్దరినీ జాన్ ఫోర్‌స్టర్ స్క్వేర్ పోలీసు భవనానికి తరలించారు. ప్రధానమంత్రి పేరు పెట్టిన ఆ భవనం వాడుకలోకి వచ్చి అప్పటికి మూడేళ్లే. భద్రతా శాఖ కార్యాలయాలు పై అంతస్తులలో ఉండేవి.

వారిని నిర్బంధించింది 1967 నాటి ఉగ్రవాద చట్టంలోని 6వ సెక్షను కింద. ఆ సెక్షను ప్రకారం విచారణ లేకుండా ఎంతకాలమైనా నిర్బంధించవచ్చు. నిర్బంధం చెల్లుతుందో లేదో చెప్పే అధికారం ఏ న్యాయస్థానానికీ లేదు. నిర్బంధితుడి సమాచారం పొందే హక్కు కుటుంబానికి గానీ న్యాయవాదికి గానీ లేదు. తరవాతి వాదోపవాదాలకు ఈ చట్టం స్వభావమే మూలం. లోపల జరిగినదానికి సాక్షులు కాగలవారు రెండు రకాలవారే: పోలీసులు, తోటి నిర్బంధితులు. మొదటివారి మాట న్యాయస్థానానికి చేరుతుంది. రెండవవారు నిర్బంధంలోనే ఉంటారు. మూడవ సాక్షి ఒకటి ఉంది. అది మృతదేహం.

అక్టోబరు 26న ఎసోప్‌ను స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి తరలించారు. మరునాడు, అంటే 27న, తిమోల్ పదో అంతస్తులోని 1026వ గది కిటికీ నుంచి దూకి మరణించాడని పోలీసులు ప్రకటించారు. 30 ఏళ్లు నిండడానికి ఆయనకు ఇంకా వారం రోజులుంది. తమ్ముడు మహమ్మద్ తిమోల్ అప్పుడు నిర్బంధంలో ఉన్నాడు. అన్న అంత్యక్రియలకు ఆయన రాలేకపోయాడు.

1972 విచారణ

పోలీసు కథనం సారాంశం ఇది. కెప్టెన్లు గ్లోయ్, ఫాన్ నీకెర్క్ తిమోల్‌ను ప్రశ్నిస్తున్నారు. సార్జంటు జువావ్ రోడ్రిగెస్ కాఫీ తీసుకుని గదిలోకి వచ్చాడు. కెప్టెన్లు ఇద్దరూ బయటికి వెళ్లారు. గదిలో రోడ్రిగెస్ ఒక్కడే మిగిలాడు. తిమోల్ మరుగుదొడ్డికి వెళ్లాలని అడిగాడు. ఇద్దరూ లేచారు. రోడ్రిగెస్‌కు కుర్చీ అడ్డం వచ్చింది. అతడు తేరుకునేలోగా తిమోల్ కిటికీ తెరిచి దూకేశాడు. సమయం మధ్యాహ్నం 4 గంటల ప్రాంతం.

కుటుంబం తరఫున ఇజ్రాయెల్ మైసెల్స్, జార్జ్ బిజోస్ వాదించారు. కుటుంబం నియమించుకున్న వైద్యనిపుణుడు జొనాథన్ గ్లక్‌మన్ శవపరీక్ష సాక్ష్యాన్ని వివరించాడు. కొన్ని గాయాలు పడిపోవడానికి ముందువే అన్న విషయంలో పెద్ద వివాదం లేదు. అవి ఎన్ని రోజుల కిందటివన్నదే వివాదం. నిర్బంధంలో ఉన్న రోజులలో తగిలినవని గ్లక్‌మన్ అభిప్రాయం. అదే నిజమైతే పోలీసులు కొట్టినట్టే. మేజిస్ట్రేటు ఈ చిక్కును విడదీసిన తీరు గమనించదగినది. ఆ గాయాలు అరెస్టుకు ముందే, ఎక్కడో జరిగిన కొట్లాటలో తగిలి ఉంటాయన్నాడు. అటువంటి కొట్లాట జరిగిందని చెప్పిన సాక్షి లేడు. కొట్టడం పోలీసుల పని కాదని ముందే నమ్మాడు గనుక, గాయాలకు మరో చోటు వెతకవలసివచ్చింది. నిర్బంధంలో తిమోల్‌ను మర్యాదగానే చూశారని తేల్చాడు. తోటివారి పేర్లు బయటపెట్టడం కంటే చావు మేలని కమ్యూనిస్టులు భావిస్తారన్న వాదాన్ని ఆత్మహత్యకు కారణంగా స్వీకరించాడు.

గాయాలున్నాయన్న సంగతిని ఈ తీర్పు తిరస్కరించలేదు. వాటిని తేదీ మార్చి ఒప్పుకుంది. అబద్ధపు తీర్పులకు సాధారణంగా ఉండని లక్షణమిది. సాక్ష్యాన్ని చెరిపివేయకుండా, అర్థాన్ని మాత్రమే తారుమారు చేసిన తీర్పు అది. శవపరీక్ష నివేదిక, ఛాయాచిత్రాలు, రోడ్రిగెస్ వాంగ్మూలం దస్త్రంలో పక్కపక్కనే నిలిచాయి. కుటుంబ న్యాయవాదులు ఓడిపోయినా, వారి ప్రశ్నలు నమోదయ్యాయి. ఆ పని విలువ ఆనాడు తెలియలేదు. బిజోస్ 1998లో నిర్బంధ మరణాల మీద రాసిన పుస్తకానికి ‘నో వన్ టు బ్లేమ్?’ అని పేరు పెట్టాడు. ఇటువంటి విచారణలు పదేపదే పలికిన ముగింపు మాటకు ఆయన చేర్చిందల్లా ప్రశ్నార్థకం.

పడిపోవడాల పరంపర

తిమోల్ మరణాన్ని ఒంటరిగా చూస్తే పోలీసు కథనం అసంభవమనిపించకపోవచ్చు. వరుసలో పెట్టినప్పుడు దాని స్వరూపం బయటపడుతుంది. 1964లో సులేమాన్ సలూజీ జొహానెస్‌బర్గ్‌లోని గ్రేస్ బిల్డింగ్ ఏడో అంతస్తు నుంచి పడ్డాడు. 1969లో సాలమన్ మొదిపానె సబ్బు మీద జారిపడ్డాడన్నారు. అదే ఏడాది కేప్‌టౌన్‌లో ఇమామ్ అబ్దుల్లా హారూన్ మెట్ల మీద పడ్డాడన్నారు. 1977లో మాథ్యూస్ మబెలాన్ జాన్ ఫోర్‌స్టర్ స్క్వేర్ పదో అంతస్తు నుంచే పడ్డాడు. ఆ ఒక్క భవనంలో మరణించిన రాజకీయ నిర్బంధితులు ఎనిమిది మంది. వారిలో మొదటివాడు తిమోల్.

ఈ వరుసను మొదట చదవగలిగింది న్యాయశాస్త్రం కాదు, కవిత్వం. 1979లో క్రిస్ వాన్ వైక్ ప్రచురించిన ‘ఇన్ డిటెన్షన్’ అనే చిన్న కవిత నిర్బంధ మరణాలకు అధికారులిచ్చిన సంజాయిషీలతోనే నిర్మితమైంది. ఎత్తు నుంచి పడిపోవడం, సబ్బు మీద జారడం, ఉరి వేసుకోవడం అనే మూడు సంజాయిషీలను కవి మొదట విడివిడిగా చెబుతాడు. తరవాత వాటి అవయవాలను ఒకదానికొకటి మార్చి అతుకుతాడు. చివరికి ఏ సంజాయిషీ ఏ మరణానిదో తెలియని స్థితి వస్తుంది. కవి సొంత మాట చేర్చలేదు, ఎవరినీ నిందించలేదు. పోలీసు ప్రకటనల భాషను ఆ భాషతోనే అపహాస్యం పాలుచేశాడు. ప్రతిఘటన సాహిత్యమంటే ఆవేశపూరితమైన ఉద్బోధ అన్న సామాన్యాభిప్రాయానికి ఈ కవిత లొంగదు. ఒక మరణం గురించిన అధికారిక వాక్యం మరో మరణానికి కూడా అతికినట్టు సరిపోతే, అది ఏ మరణాన్నీ వర్ణించడం లేదన్నమాట. కవిత ఈ తర్కాన్ని 1979లోనే చూపింది. అదే సంగతిని న్యాయస్థానం శరీర నిర్మాణ శాస్త్రం సాయంతో చెప్పడానికి మరో 38 ఏళ్లు పట్టింది.

కుటుంబం

ఇస్లాంలో ఆత్మహత్య నిషిద్ధం. మక్కా యాత్ర చేసివచ్చిన కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడని ప్రభుత్వ దస్త్రం రాసుకోవడం తిమోల్ తల్లిదండ్రులకు మరణదుఃఖానికి తోడైన రెండవ గాయం. రాజకీయ చరిత్రలు దీనిని అంతగా పట్టించుకోలేదు. ఆ కుటుంబం 45 ఏళ్లపాటు పట్టు విడవకపోవడానికి సిద్ధాంతం ఎంత కారణమో, ఈ నింద తొలగించాలన్న తపన కూడా అంతే కారణమై ఉంటుంది. తల్లి హవా తిమోల్ 1996లో సత్య సయోధ్య కమిషన్ ఎదుట సాక్ష్యం చెప్పింది. తన కొడుకు చావు వెనక నిజం తెలియాలని కోరింది. మరుసటి ఏడాది ఆమె కన్నుమూసింది. కొడుకును ప్రశ్నించిన అధికారులెవరూ కమిషన్ ముందుకు వచ్చి నిజం చెప్పలేదు.

1999లో నెల్సన్ మండేలా ఆజాద్‌విల్‌లోని ఉన్నత పాఠశాలకు తిమోల్ పేరు పెట్టాడు. ఆ ఊరి పేరుకు ‘స్వేచ్ఛాపురం’ అని అర్థం చెప్పుకోవచ్చు. అది వర్ణవివక్ష విధానం భారతీయుల కోసం విడిగా ఏర్పరచిన నివాస ప్రాంతం కావడం చరిత్రలోని వక్రోక్తి. బహిరంగ స్మరణ ఈ విధంగా సాగుతుండగా, దస్త్రంలో ‘ఆత్మహత్య’ అన్న మాట చెక్కుచెదరలేదు. పాఠశాల గోడ మీద వీరుడు, న్యాయస్థానం భాండాగారంలో ఆత్మహత్య చేసుకున్నవాడు. ఈ రెండూ 18 ఏళ్లు ఒకే రాజ్యంలో కలిసి బతికాయి.

ఈ వైరుధ్యాన్ని భరించలేకపోయినవాడు తిమోల్ మేనల్లుడు ఇంతియాజ్ కాజీ. ఆయన 2005లో మేనమామ జీవిత చరిత్ర ప్రచురించి, తరవాత సాక్షులను వెతకడంలోనూ, విచారణను తిరిగి తెరిపించడంలోనూ నిమగ్నమయ్యాడు. ఆయన పుస్తకం వృత్తి చరిత్రకారుడి రచన కాదు. ఆప్యాయత కొన్నిచోట్ల విమర్శను మింగేసింది. అయినా అది జాడలు పోగుచేసిన పుస్తకం. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఏం చూశారు అన్న ప్రశ్నలను ప్రభుత్వ యంత్రాంగం అడగని కాలంలో ఒక వ్యక్తి అడిగిన ఫలితం అది. సత్య సయోధ్య కమిషన్ అభియోగ శాఖకు అప్పగించిన సుమారు 300 కేసులు కొత్త ప్రభుత్వ హయాంలో ఏళ్ల తరబడి కదలలేదు. దీనిలో రాజకీయ జోక్యం ఉందన్న ఆరోపణను తరవాత న్యాయస్థానం కూడా తీవ్రంగా పరిగణించింది. అందువల్ల తిమోల్ కేసు ఆలస్యాన్ని పాత ప్రభుత్వం ఖాతాలో మాత్రమే వేయడం సరికాదు.

2017 విచారణ

తిరిగి తెరిచిన విచారణ 2017 జూన్‌లో మొదలైంది. మోత్లే ముందుకు వచ్చిన సాక్ష్యాలు ఒకే బలం కలవి కావు. వాటిని విడదీసి చూడడం అవసరం.

మొదటిది తోటి నిర్బంధితుల సాక్ష్యం. 1971లో నోరు విప్పలేని సలీమ్ ఎసోప్, తనను ఏ విధంగా కొట్టారో, విద్యుత్తు షాకులు ఏ విధంగా ఇచ్చారో వివరించాడు. ముఖానికి ముసుగు కప్పిన ఒక మనిషిని పోలీసులు ఈడ్చుకుపోవడం చూశాననీ, అది తిమోలే అని తన నమ్మకమనీ చెప్పాడు. అదే భవనంలో హింసకు గురైన ఇతరులు కూడా సాక్ష్యమిచ్చారు. రెండవది భవనం బయట ఉన్నవారి సాక్ష్యం. మనిషి పడడం చూసినవారు అది ఉదయం జరిగిందన్నారు, మధ్యాహ్నం కాదు. ఇది నిజమైతే రోడ్రిగెస్ చెప్పిన కాఫీ, కుర్చీ, సంభాషణ అన్నీ కూలిపోతాయి. మోత్లే ఈ సాక్ష్యానికి విలువ ఇచ్చాడు. అయితే 46 ఏళ్ల తరవాత గడియారపు వేళను జ్ఞాపకం మీద ఆధారపడి నిర్ణయించడంలో ఉన్న ఇబ్బందిని చరిత్ర పరిశోధకులు విస్మరించలేరు.

తీర్పును నిజంగా నిలబెట్టింది మూడవది. నిపుణులు షకీరా హాలండ్, స్టీవ్ నాయుడు పాత శవపరీక్ష నివేదికనూ ఛాయాచిత్రాలనూ మళ్లీ చదివారు. పుర్రె మీది, దవడ మీది గాయాలు ఆ పతనం వల్ల ఏర్పడినవి కావన్నారు. కాలి గాయం దృష్ట్యా ఆ మనిషి లేచి పరిగెత్తి కిటికీ ఎక్కి దూకగల స్థితిలో లేడన్నారు. దేహం నేలమీద పడిన చోటు దూకిన మనిషి పడే చోటు కాదన్న సాంకేతిక సాక్ష్యం దీనికి తోడైంది. ఇక్కడ జరిగింది కొత్త ఆధారం దొరకడం కాదు, పాఠ విమర్శ. ప్రతి మారలేదు; పీఠిక రాసినవాడి మాటను పక్కనబెట్టి, పరిష్కర్తలు మూలాన్ని మళ్లీ చదివారు. 1972లో గ్లక్‌మన్ చూపిన దిక్కు ఇదే. ఆనాడు ఆయన వాదం ఓడిపోయింది వైద్యం చాలక కాదు, వినేవాడు లేక.

తిమోల్‌ను పదో అంతస్తు నుంచి గానీ, కప్పు మీది నుంచి గానీ తోసివేశారని మోత్లే నిర్ధారించాడు. చావు సంభవిస్తుందని తెలిసీ లెక్కచేయకపోవడం హత్యోద్దేశం కిందికే వస్తుందన్నాడు. ప్రశ్నించిన ఇద్దరు కెప్టెన్లూ అప్పటికి జీవించి లేరు. నిజాన్ని కప్పిపుచ్చడంలో రోడ్రిగెస్ పాలుపంచుకున్నాడనీ, అతనిపై దర్యాప్తు జరపాలనీ చెప్పాడు. హింస సంగతి తమకు తెలియదని బుకాయించిన మరో ఇద్దరు మాజీ పోలీసులపై అబద్ధ సాక్ష్యం కింద దర్యాప్తు జరపాలని సూచించాడు. రోడ్రిగెస్ ఈ విచారణలో స్వయంగా సాక్ష్యం చెప్పాడు. కాఫీ, కుర్చీ, కిటికీ కథను 46 ఏళ్ల తరవాత కూడా మార్చలేదు.

ఈ తీర్పు ఇతర దస్త్రాలకు దారి చూపింది. 1982లో జాన్ ఫోర్‌స్టర్ స్క్వేర్‌లో ఉరికి వేలాడుతూ కనిపించిన వైద్యుడు, కార్మిక నాయకుడు నీల్ ఆగెట్‌ది ఆత్మహత్య కాదని 2022లో తేలింది. 1977లో డర్బన్‌లో మరణించిన హూసేన్ హఫెజీ కేసులోనూ, ఇమామ్ హారూన్ కేసులోనూ 2023లో పాత నిర్ణయాలు తారుమారయ్యాయి. తిమోల్ వారసత్వం అన్న మాటకు నిర్దిష్టమైన అర్థం చెప్పవలసివస్తే, ఈ వరుసను చూపవచ్చు.

రోడ్రిగెస్‌పై 2018లో హత్యాభియోగం మోపారు. ఘటన జరిగి చాలాకాలమైంది గనుక విచారణను శాశ్వతంగా నిలిపివేయాలని అతడు కోరాడు. 2019 జూన్‌లో హైకోర్టు, 2021 జూన్‌లో అప్పీళ్ల న్యాయస్థానం ఆ కోరికను తిరస్కరించాయి. 2021 సెప్టెంబరులో, హత్య కేసు విచారణకు రాకముందే, 80 ఏళ్లు దాటిన వయసులో రోడ్రిగెస్ మరణించాడు. 1026వ గదిలో చివరివరకు తిమోల్‌తో ఉన్నానని ప్రమాణపూర్వకంగా చెప్పిన మనిషి అతడొక్కడే. తిమోల్‌ను తోసిన చేతులెవరివన్న ప్రశ్నకు 2017 తీర్పులో కూడా పేరు లేదు.